పెరట్లో సీతాకోకచిలుక ఫొటోకి ఏది మేలు: ఫోనా, మాక్రోనా, జూమా?

హైదరాబాద్‌లో వానలు మొదలై కాస్త కుదురుకున్నాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా, అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి కూడా సీతాకోకచిలుకలు వస్తాయి. ఒక కుండీలో కరివేపాకు, ఇంకో కుండీలో నూరువరహాలు ఉంటే చాలు. ఫొటోల మీద మనసు పడ్డవాళ్లు సాధారణంగా ఫోనుతో సరిపెట్టుకోవాలా, చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనాలా అని ఆలోచిస్తారు. దూరంవాటిని దగ్గరగా చూపే 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ఎవరికీ గుర్తు రాదు. సీతాకోకచిలుకల వరకు నా ఓటు దానికే.

మాక్రో లెన్స్ గొప్పతనం 1:1 అనే లెక్కలో ఉంది. పురుగు ఎంతుందో కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుంది. చీమకు అది వరం. కానీ నిమ్మచెట్ల మీద తిరిగే నలుపు, పసుపు సీతాకోకచిలుక రెక్కలు చాపితే 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. 1:1లో దాని రెక్క ముక్క తప్ప ఏమీ పట్టదు. మామూలు క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సైజు సెన్సర్) కెమెరాలో అది ఫ్రేమ్ నిండా రావాలంటే 1:4, అంటే అసలు సైజులో నాలుగో వంతు బొమ్మ, సరిపోతుంది. చాలా 70-300 లెన్సులు ఆ మాత్రం ఇస్తాయి. అదే బొమ్మకి 100 మి.మీ. మాక్రోతో అర మీటరు దగ్గరికి వెళ్లాలి, జూమ్‌తో మీటరు పైన దూరంలోనే ఆగిపోవచ్చు. కదలికనీ మీద పడే నీడనీ వెంటనే పసిగట్టే జీవి విషయంలో ఆ తేడా మామూలుది కాదు. పైగా ఈ జాతి నూరువరహాల మీద తేనె తాగుతూ కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది, కాబట్టి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000) దగ్గర పెట్టుకోండి. జిల్లేడు చుట్టూ తిరిగే నారింజ రంగుది మాత్రం నెమ్మదస్తురాలు. ఒంట్లో విషం ఉంది కాబట్టి దానికి పిట్టల భయం తక్కువ.

ఫోనుని తీసిపారేయకండి. మాక్రో మోడ్ ఉన్న ఫోన్లు చాలావాటిలో వెడల్పు లెన్సే రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తుంది. ఎగిరేవాటికి ఇది దండగ, ఫోను నీడ పడగానే తుర్రుమంటాయి. కరివేపాకు మీది గొంగళిపురుగుకి మాత్రం ఇంతకన్నా మంచి సాధనం లేదు. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి ఎర్ర కొమ్ముల్లాంటివి బయటికి చాపి ఘాటు వాసన వదులుతుంది. అవన్నీ ఆకుతో, కొమ్మతో, వెనక బాల్కనీ గోడతో సహా ఫోనులోనే బాగా వస్తాయి. (కరివేపాకు పోతోందని ఇంట్లో గొడవ అయితే అది మీరూ మీవాళ్లూ చూసుకోండి.)

మామూలు లెన్స్ ఇంకా దగ్గర ఫోకస్ చేసేలా కెమెరాకీ లెన్స్‌కీ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చవక. లోపల అద్దం ఉండదు, ఖాళీ గొట్టమే. 50 మి.మీ. లెన్స్‌కి 36 మి.మీ. ట్యూబు తగిలిస్తే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులో 0.7 రెట్లకు పైనే వస్తుంది. వెలుతురు తగ్గుతుంది, దూరంవి ఫోకస్ కావు, లెన్స్ మూతి పురుగుకి మరీ దగ్గరైపోతుంది. సరదాకి కొనుక్కోవచ్చు.

మరి మాక్రో ఎప్పుడు? చీమ కళ్లు, తూనీగ ముఖం, ఈగ ఒంటిమీది వెంట్రుకలు కావాలనుకున్నప్పుడు. అక్కడ దానికి సాటి లేదు, కష్టమూ అంతే. 1:1 దగ్గర ఎఫ్/8లో (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై, స్పష్టంగా ఉండే లోతు పెరుగుతుంది) స్పష్టంగా ఉండేది దాదాపు ఒక్క మిల్లీమీటరు లోతు. గాలికి ఆకు కదిలితే ఫోకస్ పోయినట్టే. ఎఫ్/16కి వెళితే వెలుతురు చాలదు, ఫ్లాష్ కావాలి, దాని ముందు మెత్తని తెల్ల తెర కావాలి. ఇంత హంగామా మీకు సరిపడుతుందో లేదో తెలియనప్పుడు ఒక శని, ఆదివారాలకి లెన్స్ అద్దెకు తెచ్చుకుని చూడండి. పొద్దున్నే, గాలి లేవకముందు మొదలుపెట్టండి. ఆ వేళ ఒళ్లు వెచ్చబడక పురుగులు కూడా మందకొడిగా ఉంటాయి.