పది హెచ్‌పీ హ్యామర్ మిల్లు: నాలుగు నెలలు వాడాక

మా అమ్మాయి ల్యాబ్‌లో చెరుకు పిప్పి నుంచి ఇథనాల్ తీసే పని చేస్తోంది. పొడి కొట్టి ఇచ్చేవాళ్ళు దొరక్క, తిరిగే సుత్తులతో కొట్టి, జల్లెడ గుండా పొడి వదిలే ఈ మిల్లు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేయించి కూర్మన్నపాలెంలో మా షెడ్డులో పెట్టాను. పిప్పి అనకాపల్లి వైపు నుంచి తెచ్చుకుంటాం. అదీ తేలిగ్గా దొరకదు, బెల్లం వండేవాళ్ళకి పొయ్యిలోకి అదే కావాలి మరి.

టన్నుకి ఎన్ని యూనిట్లు కాలుతుందని కొనేటప్పుడు అడిగితే, "పది హెచ్‌పీ అండీ" అన్నారు. అది మోటారు సైజు, నా ప్రశ్నకి జవాబు కాదు. రిటైరైన ఎలక్ట్రీషియన్ని, ఊరుకుంటానా? మిల్లుకి విడిగా సబ్ మీటర్ బిగించాను.

ఎండిన పిప్పి 100 కిలోలు 3 ఎం.ఎం. జల్లెడతో కొడితే 2.3 యూనిట్లు, పాతిక నిమిషాలు. అదే పిప్పి 1 ఎం.ఎం. జల్లెడతో 7 యూనిట్లు, గంటా ఇరవై నిమిషాలు. ఇది మిల్లు తప్పు కాదు. పొడి ఎంత సన్నమైతే అంత కొత్త ఉపరితలం పుట్టాలి, కాబట్టి కరెంటు కూడా ఎక్కువ కాలుతుంది. 2004లో గోధుమ గడ్డి మీద వచ్చిన లెక్కలోనూ 3.2 ఎం.ఎం. జల్లెడకి టన్నుకి సుమారు 11 యూనిట్లయితే, 0.8 ఎం.ఎం.కి 51 దాటింది.

"అంత సన్నం ఎందుకమ్మా?" అని అమ్మాయిని అడిగాను. పరీక్షకి తీసే శాంపిల్‌కే అంత సన్నం కావాలట. మిగతాది ఎలాగూ యాసిడ్‌లో ఉడికి మెత్తబడుతుంది కాబట్టి ముతకగా ఉన్నా ఫర్వాలేదట. ఈ మాట ముందే చెప్పి ఉంటే నా బిల్లు తగ్గేది.

ఆగస్టులో టార్పాలిన్ సరిగ్గా కప్పక పిప్పి చెమ్మ పట్టింది. పీచు తెగకుండా సాగి, జల్లెడ కన్నాల్లో అట్ట కట్టేసింది. పావుగంటలో మోటారు రెండుసార్లు ట్రిప్. చేత్తో పిడికెడు నలిపితే పెళపెళలాడాలి, లేదంటే ఆ రోజు మిల్లు జోలికి వెళ్ళకండి.

ఖాళీగా అరగంట తిప్పినా ముప్పావు యూనిట్ పోతుంది, అందుకే హాపర్ (పిప్పి పోసే తొట్టి) నిండుగా ఉంచాలి. ఖాళీ లోడు మాత్రం క్లాంప్ మీటర్‌లో ఆంప్స్ చూసి లెక్క కట్టకండి. అప్పుడు పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికి ఖర్చయ్యే వంతు) తక్కువ కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ కాలుతున్నట్టు కనిపిస్తుంది.

బాడీ గట్టిది, బేరింగ్‌లు చల్లగానే ఉంటున్నాయి. హాపర్ దగ్గర అయస్కాంతం పెట్టకపోవడం మాత్రం పెద్ద లోపం. పిప్పిలో వచ్చిన ఒక బోల్టు సుత్తి అంచు ఎగరగొట్టింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అయస్కాంతం నేనే కొని బిగించుకున్నాను.

5 ఎం.ఎం. జల్లెడ ఒకటి చేసిమ్మన్నాను. వారం అన్నారు, ఇప్పుడు మూడో వారం.