సీటు మీద మరక: కడగాలా, రంగు వేయించాలా, కవరు తొడగాలా?

ఒడిశాలోని మా రాయగడలో బండి కొన్నవాళ్ళు ముందు మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్తారు. మేమూ వెళ్ళాం. విశాఖలో కొన్న సెకండ్ హ్యాండ్ కారే అయినా, మా ఇంట్లో అదే మొదటి కారు. బానెట్ మీద స్వస్తిక్ రాయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, మిగిలిన పసుపు పొట్లాన్ని అమ్మ పక్కన పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చి దిగేసరికి పొట్లం అడుగు తడిసి చిరిగిపోయి ఉంది. మీగడ రంగు లెదర్ మీద అరచేయంత పసుపు.

మర్నాడు వాటర్ వాష్‌కి ఇచ్చాను. అక్కడి కుర్రాడు బట్టలుతికే సబ్బుపొడి కలిపిన నీళ్ళలో స్పాంజి ముంచి రుద్దాడు. పసుపు పోలేదు సరికదా, నా కళ్ళ ముందే ఎర్రబడింది. అచ్చం ఇటుక రంగు. కుర్రాడు భయపడి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. నాకు మాత్రం దిష్టి తీసే ఎర్రనీళ్ళు గుర్తొచ్చాయి. పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎందుకు ఎరుపెక్కుతుందో ఇదీ అందుకే. పసుపులోని కర్‌క్యుమిన్‌కి క్షారం తగిలితే రంగు మారుతుంది. మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో సబ్బంతా తుడిచేసరికి మళ్ళీ పసుపులోకి వచ్చింది. మరక మరకలాగే ఉంది కాని, ఆ సబ్బు ఎంత క్షారమో ఆ ఎరుపే చెప్పింది. లెదర్ స్వభావం కాస్త ఆమ్లం. దానికి అలాంటి సబ్బు మళ్ళీ మళ్ళీ తగిలితే ఎండి బిరుసెక్కుతుంది. సోడా ఉప్పుదీ అదే దారి.

ఆ మరక కోసం వంగి చూస్తుంటే మిగతావీ కనబడ్డాయి. డ్రైవర్ సీటు అంచు జీన్స్ రాపిడికి నీలంగా మారింది. పాత యజమాని దిగి ఎక్కీ దిగి ఎక్కీ అరగదీసిన చోట రంగు లేచి సన్నటి పగుళ్ళు. నాన్న తల ఆనించే చోట నాలుగు రోజులకే కొబ్బరినూనె నలుపు మొదలైంది.

ఇంట్లో మూడు సలహాలు. నాన్నది తడిగుడ్డ. విశాఖలో ఉన్న అన్నయ్య రంగు వేయించెయ్యమన్నాడు. పార్వతీపురం బావ ఫోన్‌లోనే నవ్వేసి, “దీనికంత టెన్షన్ ఏటి బావా, కవర్లు కుట్టించెయ్, మరక ఎవడికి కనబడుద్ది?” అన్నాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. ఏ మరకకి ఎవరి మాట పనికొస్తుందన్నదే తేల్చుకోవాలి.

దానికంటే ముందు మన సీటు లెదరా, రెక్సినా అన్నది తెలియాలి. అమ్మేటప్పుడు అందరూ లెదర్ సీట్లనే చెబుతారు. చాలా బళ్ళలో ఒంటికి తగిలే భాగం మాత్రమే అసలు తోలు, పక్కలూ వెనకా రెక్సిన్. కొన్నింట్లో మొత్తం రెక్సినే. సీటు కింద చెయ్యి పెట్టి, అంచు మడత వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు పీచు పీచుగా, నూగులా ఉంటే తోలు. అల్లిన గుడ్డ కనబడితే రెక్సిన్. రెక్సిన్ అయితే ఎలాగైనా కడుక్కోవచ్చు అనుకుంటాం. జీన్స్ నీలం విషయంలో మాత్రం రెక్సినే మొండిది. రెక్సిన్ మీద ఉండే పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం ఆ నీలాన్ని లోపలికి లాగేసుకుంటుంది. వారంలో తుడిస్తే పోయేది ఏడాది ఆగితే పోదు.

అసలు తోలు అయినా, కార్లలో వచ్చేది చెప్పుల తోలులాంటిది కాదు. దాని మీద రంగు పూత, ఆ పూత మీద కనబడని ప్లాస్టిక్ లాంటి పై పూత ఉంటాయి. ఒక్క నీటిచుక్క వేసి చూస్తే తెలుస్తుంది. చుక్క ముత్యంలా నిలబడితే పూత బాగుంది. పీల్చుకుని ఆ చోటు నల్లబడితే పూత పోయింది, లేదా ఆ తోలుకి పూతే లేదు. మా సీటు మధ్యలో చుక్క నిలబడింది. అరిగిన అంచు మీద అర నిమిషంలో ఇంకిపోయింది. ఒకే సీటుకి రెండు రకాల వైద్యం కావాలని నాకు అక్కడే అర్థమైంది.

నా ఓటు మొదట కడగడానికే. కడగడమంటే బకెట్టు నీళ్ళు కాదు. లెదర్ క్లీనర్ సీసా, మెత్తటి కుచ్చు బ్రష్, నాలుగు తెల్ల మైక్రోఫైబర్ గుడ్డలు అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. ముందు వాక్యూమ్ పట్టాలి. మన రోడ్ల ఎర్రమట్టి మీద బ్రష్ వేస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. క్లీనర్‌ని సీటు మీద పొయ్యకుండా బ్రష్ మీద వేసుకుని నురగ చేసి, చారెడు చోటు మాత్రమే గుండ్రంగా తిప్పి, వెంటనే గుడ్డతో ఎత్తెయ్యాలి. గాలాడడానికి సన్నటి చిల్లులు పెట్టిన సీటు అయితే మరీ జాగ్రత్త. లోపలి ఫోములోకి నీళ్ళు దిగితే వానాకాలంలో వారం రోజులైనా ఆరవు, వాసన పట్టుకుంటుంది.

గుడ్డ తెల్లదే ఎందుకంటే, అదే మనకి జవాబు చెబుతుంది. జీన్స్ అంచు తుడిచినప్పుడు మొదటి గుడ్డ నీలంగా వచ్చింది, రెండోది లేత నీలం. మూడోదానికి మీగడ రంగు అంటింది. అక్కడ ఆపేశాను. గుడ్డకి సీటు రంగే వస్తోందంటే మనం మరకని కాదు, పూతని ఊడదీస్తున్నట్టు. చాలామంది ఇక్కడే పాడు చేసుకుంటారు. ఇంకొంచెం, ఇంకొంచెం అని స్పిరిట్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో రుద్దుతారు. చాలా రిమూవర్లలో ఎసిటోన్ ఉంటుంది. మరకతో పాటు రంగునీ కరిగిస్తుంది. టూత్‌పేస్టు, మ్యాజిక్ స్పాంజి అనేవి సన్నగా గీరే సామాన్లు. మరక పోయినట్టే కనిపిస్తుంది కాని పై పూత పల్చబడి, ఆ చోటే తర్వాత తొందరగా మాస్తుంది. కుంకుడు రసం వాడమని మా పిన్ని చెప్పింది. అది ఆమ్ల గుణం ఉన్నదే, సబ్బుపొడి కంటే నయమే. కాని దానికే ఒక గోధుమ రంగుంది, లేతరంగు సీటు మీద వాడే ధైర్యం చెయ్యలేదు.

కడిగాక మెరుపు కోసం కొబ్బరినూనె పట్టించొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పూత ఉన్న చోట నూనె లోపలికి దిగదు, పైన కూర్చుని దుమ్ముని పట్టుకుంటుంది. పూత పోయిన చోట ఇంకి నల్లబడుతుంది. నాన్న తల ఆనించిన చోట జరిగింది అదే. ఆ నలుపు మూడు ఆదివారాలు వరసగా తుడిస్తే సగానికి తగ్గింది. ఇప్పుడు అక్కడ తువ్వాలు కడుతున్నాం, వారానికోసారి మారుస్తున్నాం.

కడగడంతో అయ్యేది ఇక్కడి దాకానే. ఎండకి వెలిసిన రంగు, రాపిడికి లేచిన రంగు, పగుళ్ళు ఏ సీసాతోనూ వెనక్కి రావు. అక్కడ అన్నయ్య మాట నిజం. రంగు వేయించడమంటే డబ్బా తెచ్చి పూయడం కాదు. నూనె, పాలిష్ అంతా స్పిరిట్‌తో తీసి, సన్నటి గరుకు కాగితంతో నునుపు చేసి, పగుళ్ళలో ఫిల్లర్ నింపి, సీటు రంగుకి సరిపోయేలా పిగ్మెంట్ కలిపి పల్చటి పొరలుగా కొట్టి, చివర పై పూత వేస్తారు. మధ్యలో ప్రతి పొరా ఆరాలి. నూనె పూర్తిగా తియ్యకుండా వేస్తే కొన్నాళ్ళకే పొట్టు పొట్టుగా లేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి నూనె పాలిష్ పట్టించిన సీటుకి ఈ పని కష్టం.

మాకున్న ఇబ్బంది దూరం. నేను వెతికినంతలో ఈ పని నమ్మకంగా చేసేవాళ్ళు రాయగడలో దొరకలేదు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ పోవాలి, బండి రెండు రోజులు వదిలెయ్యాలి. అడిగితే ముందు సీట్లు రెండూ కలిపి 12,000 రూపాయలన్నారు. అరిగిన అంచు ఒక్కటే చెయ్యమంటే ముందు ఒప్పుకోలేదు, తర్వాత 3,000కి దిగారు. నాకది సరిపోయింది. బాగున్న చోట రంగు మీద రంగు ఎందుకు? అలా చేయిస్తే తోలు మెత్తదనం తగ్గుతుంది, చిల్లులుంటే పూడుకుపోతాయి. మీ సీటంతా వెలిసిపోయి ఉంటే లెక్క వేరు, అప్పుడు మొత్తం చేయించుకోవడమే మేలు.

ఇక బావ చెప్పిన కవరు. ఇది చవక, తొందర, రాయగడలోనే అయిపోతుంది. పిల్లలు వాంతి చేసుకునే వయసులో ఉంటేనో, బండి కిరాయికి తిరుగుతుంటేనో నేనూ కవరే అంటాను. కాని దసరాకి పార్వతీపురం వెళ్ళినప్పుడు బావ తన కారు సీటు కవరు ఒక మూల ఎత్తి చూపించాడు. తడిసిన గొడుగు పెట్టిన చోట కింద లెదర్ మీద తెల్లటి బూజు, పిండి చల్లినట్టు. ఎలాస్టిక్ బిగిసిన గీత వెంబడి నల్ల కవరు రంగు దిగి చార పడింది. మరకని దాచడానికి వేసిన కవరే కొత్త మరక పెట్టింది. బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గాలాడని చోట, వానాకాలం తేమలో తోలుకి బూజు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. కడిగిన వెంటనే కవరు తొడిగితే మరీ త్వరగా పడుతుంది.

బూజు కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. మీ సీటు పక్కన, తలుపు వైపు, ఎయిర్‌బ్యాగ్ అని చిన్న చీటీ కుట్టి ఉందేమో చూడండి. ఉంటే ఆ బ్యాగ్ సీటులోంచే చీల్చుకుని బయటికి రావాలి. బిగుతుగా కుట్టిన మామూలు కవరు దానికి అడ్డం పడుతుంది. ఎయిర్‌బ్యాగ్ కోసం ఆ పక్కన వదులు కుట్టుతో చేసిన కవర్లే తీసుకోవాలి, లేదా కవరే వద్దు. మరక కోసం ప్రాణానికి అడ్డం పెట్టుకోకూడదని బావకి అదే రోజు చెప్పాను. ఇంటికొచ్చేలోపు ముందు సీట్ల కవర్లు తీసేశాడు.

కాబట్టి మా కారుకి నీలం కడిగితే పోయింది, నలుపు సగం పోయింది, అరిగిన అంచుకి మాత్రం రంగు పడింది. కవరు వెయ్యలేదు.

మిగిలింది అమ్మ పసుపు. క్లీనర్‌తో లేతబడింది కాని పూర్తిగా పోలేదు. కర్‌క్యుమిన్ నీళ్ళలో కరగదు, వెలుతురుకి మాత్రం నిలవదు. పసుపు పడిన చీర ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోవడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. తోలుకి ఎక్కువ ఎండ మంచిది కాదు కనక, పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా కారు తూర్పుకి తిప్పి, సీటంతా దుప్పటి కప్పి, మరక ఉన్న చోటు మాత్రం తెరిచి ఉంచాను. మూడు వారాలు అలా చేశాక అమ్మని పిలిచి ఎక్కడ పడిందో చూపించమన్నాను. కళ్ళజోడు పెట్టుకుని రెండు చోట్ల వేలు పెట్టింది. రెండూ కాదు.