గోల్ఫ్ జీపీఎస్: పెద్ద తెరా, చిన్న క్లిప్పా? ఏది మేలు?

గ్రీన్ (జెండా, గుంట ఉండే పొట్టి గడ్డి నేల) ముందు అంచుకి 138 గజాలు, మధ్యకి 152, వెనక అంచుకి 166. గోల్ఫ్ జీపీఎస్ చేసే అసలు పని ఈ మూడు అంకెలు చెప్పడమే. రంగుల మ్యాపు, స్వింగ్ వేగం, ఫోన్‌లోని మెసేజ్‌లు చూపించడం, ఇవన్నీ వాటి చుట్టూ చేరిన హంగులు. మార్కెట్లో 150 డాలర్ల పరికరం ఉంది, 600 డాలర్లదీ ఉంది. రెండింటికీ సిగ్నల్ అందేది ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచే. అందుకే ఆ మూడు అంకెల విషయంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. మరి మిగిలిన 450 డాలర్లు దేనికి?

నేను రాస్తున్నది టోర్నమెంట్లు గెలిచేవాళ్ల కోసం కాదు. గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఆదివారం పొద్దున్నే ఆడి, తొంభై అయిదుకీ నూట అయిదుకీ మధ్య ఊగే స్కోరుతో (ఎంత తక్కువైతే అంత మంచి ఆట) ఇంటికెళ్లేవాళ్ల కోసం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు స్నేహితులతో పాటు మున్సిపల్ కోర్సుల్లో ఆట మొదలుపెట్టిన మనవాళ్ల కోసం కూడా. ఈ స్థాయిలో ఉన్నవాళ్లకి నడుముకు తగిలించుకునే చిన్న పరికరమే మేలని నా అభిప్రాయం. పెద్ద తెర కావాల్సినవాళ్లూ ఉన్నారు, కానీ దుకాణాలు చెప్పినంత మంది లేరు.

ముందు కచ్చితత్వం సంగతి చూద్దాం. అమ్మేవాళ్లు మాట్లాడేది ఎక్కువగా దాని గురించే. 2000 మే నెల మొదలయ్యేదాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే మసకబార్చేది. అప్పట్లో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది కాబట్టి గోల్ఫ్‌కి అది పనికొచ్చే సరుకే కాదు. ఆ అడ్డు తీసేశాకే ఈ పరికరాల వ్యాపారం ఊపందుకుంది. ఇప్పుడు ఆకాశం బాగా కనిపించే చోట మూడు నుంచి అయిదు మీటర్ల తేడాతో మనం ఎక్కడున్నామో చెబుతాయి. మనలాంటి వాళ్లం ఒకే సెవెన్ ఐరన్‌తో (బంతిని కొట్టే కర్రల్లో ఒకటి, ఆ కర్రల్నే క్లబ్బులంటారు) వరసగా పది బంతులు కొడితే వాటి మధ్యే ఇరవై గజాల తేడా వస్తుంది. పరికరం నాలుగు గజాలు అటూ ఇటూ చెబితే కొంప మునిగేదేమీ లేదు.

ఇక అసలు పోటీ. చిన్నవాటి తరఫున గార్మిన్ కంపెనీ అప్రోచ్ జీ12ని తీసుకుందాం. 2021లో వచ్చింది, అప్పటి ధర 150 డాలర్లు. తెర 1.3 అంగుళాలే, పైగా నలుపు తెలుపు. చూడ్డానికి పాతకాలం పేజర్‌లా ఉంటుంది. బెల్టుకో బ్యాగుకో తగిలించేస్తే దాని సంగతే మర్చిపోవచ్చు. 42 వేల కోర్సుల మ్యాపులు ముందే ఎక్కించి ఇస్తారు. బ్యాటరీ 30 గంటల దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది, అంటే ఒకసారి చార్జ్ చేస్తే నాలుగైదు రౌండ్లు సులువుగా గడిచిపోతాయి. బంకర్లు (ఇసుక గుంటలు), నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కూడా చెబుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ నలుపు తెలుపు తెరే. ఎండ ఎంత గట్టిగా కొడితే అంకెలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. ఏప్రిల్‌లో పదింటికే నెత్తి మాడే ఊళ్లో ఆడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పెద్దవాటి తరఫున అదే కంపెనీ జీ80. 2019లో 500 డాలర్లకి వచ్చింది. మూడున్నర అంగుళాల రంగుల టచ్‌స్క్రీన్ మీద హోల్ (మొదటి దెబ్బ కొట్టే చోటినుంచి జెండా దాకా ఉన్న భాగం) మొత్తం పైనుంచి చూసినట్టు కనిపిస్తుంది. ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారిలో) ఎక్కడ వేలు పెడితే అక్కడికి దూరం చెబుతుంది. జెండా ఈరోజు గ్రీన్‌లో ఎడమ మూలన పెట్టారనుకోండి, తెర మీది జెండాని అక్కడికి లాగితే ఆ దూరం వస్తుంది. దీని ప్రత్యేకత లోపలున్న రాడార్. బంతి పక్కన నేల మీద పెట్టి కొడితే క్లబ్ వేగం, బంతి వేగం, అది సుమారుగా ఎంత దూరం వెళ్తుందో చెబుతుంది. దాని తర్వాత వచ్చిన జీ82లో తెర అయిదు అంగుళాలకి పెరిగింది, ధర 600 డాలర్లకి చేరింది.

జీ80 చెడ్డదని ఎవరూ అనలేరు. నా అభ్యంతరం వేరే. టచ్‌స్క్రీన్ చేతిలో ఉంటే ప్రతి షాట్‌కీ దాన్ని నొక్కాలనిపిస్తుంది. నీళ్లు దాటాలంటే ఎంత, ఆ చెట్టు దాకా ఎంత, చెట్టు పక్కనుంచి అయితే ఎంత... ఇలా లెక్కలు వేస్తూ నిలబడితే వెనక గుంపు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తుంటుంది. అంత లెక్కా వేసి మనం కొట్టేది ఆ చెట్టుకే. చిన్న పరికరంలో ఆ వెసులుబాటు లేకపోవడమే నయం. చూశామా, క్లబ్ తీశామా, కొట్టామా, అంతే.

రాడార్ సంగతికొస్తే, ప్రాక్టీస్ రేంజ్‌కి వారానికి రెండు మూడు సార్లు వెళ్లేవాళ్లకి అది నిజంగా ఉపయోగం. మనలో చాలామందికి తమ సెవెన్ ఐరన్ అసలు ఎంత దూరం వెళ్తుందో తెలియదు. ఎప్పుడో గాలి వెనకనుంచి వీచిన రోజు కొట్టిన 160 గజాల షాట్‌నే మామూలు దూరం అనుకుంటాం. 152 అని పరికరం కచ్చితంగా చెప్పినా, ఏ క్లబ్‌తో 152 వెళ్తుందో తెలియకపోతే ఆ అంకెకి విలువేముంది? ఈ లోటు తీర్చడానికి జీ80 రాడార్ పనికొస్తుంది. అయితే బంతి కుడికి వంపు తిరిగిందా, ఎడమకా అన్నది అది చెప్పదు. ఆ బాధ మీ కళ్లతోనే చూసుకోవాలి.

ఇదే లోటుని చాలా తక్కువ ఖర్చుతో తీర్చే దారి ఇంకోటుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో కంపెనీ షాట్ స్కోప్ చేసే హెచ్4. ఇదీ చిన్నదే, బెల్టుకి తగిలించుకునేదే. క్లబ్బుల గ్రిప్ చివర చిన్న ట్యాగులు బిగిస్తారు. కొట్టేముందు ట్యాగుని పరికరానికి తాకిస్తే ఏ క్లబ్‌తో ఎక్కడినుంచి కొట్టారో నమోదవుతుంది. కొన్ని రౌండ్లయ్యాక యాప్‌లో ప్రతి క్లబ్ నిజమైన సగటు దూరం కనిపిస్తుంది. దానికి సభ్యత్వ రుసుమేమీ లేదు. రేంజ్‌లో చదునైన మ్యాట్ మీద కొట్టిన లెక్క కాదిది, కోర్సులో టెన్షన్ పడుతూ కొట్టిన లెక్క. నన్నడిగితే రాడార్ కన్నా ఇదే నిజానికి దగ్గర. ఇబ్బందల్లా ప్రతి షాట్‌కీ తాకించడం గుర్తుండాలి. నలుగురు కబుర్లు చెప్పుకుంటూ ఆడే ఆదివారం ఆటలో సగం మంది మూడో హోల్‌కే మర్చిపోతారు. మీ సంగతి మీకే తెలుసు.

స్కైకాడీ అనే ఇంకో కంపెనీ దారి వేరు. కోర్సుల్ని ఉపగ్రహ చిత్రాలు చూసి గీయకుండా, మనుషులు నేల మీద నడిచి కొలిచామన్నది వాళ్ల గొప్ప. వాళ్ల ఎస్ఎక్స్400కి నాలుగు అంగుళాల తెర, ఎస్ఎక్స్550కి అయిదున్నర. మీరు ఏ దిక్కునుంచి గ్రీన్ వైపు వస్తున్నారో ఆ కోణంలోనే గ్రీన్ ఆకారం తిప్పి చూపించడం దీని మంచి లక్షణం. పక్క ఫెయిర్‌వేలోకి బంతి వెళ్లిపోయినప్పుడు ముందు అంచు, వెనక అంచు అన్న మాటలే మారిపోతాయి కదా, అక్కడ దీని విలువ తెలుస్తుంది. కానీ మ్యాపుల కోసం ఏటా సభ్యత్వం కట్టాలి. పరికరం ధర ఒక్కటే చూసి కొంటే రెండో ఏడో మూడో ఏడో ఒళ్లు మండుతుంది. అమెరికాలో ఉండి నెలకో కొత్త కోర్సులో ఆడేవాళ్లకి ఈ ఖర్చు గిట్టుబాటు కావచ్చు. ఏడాది పొడవునా ఒకే క్లబ్‌లో, కళ్లు మూసుకున్నా తెలిసే అవే పద్దెనిమిది హోల్స్ ఆడేవాళ్లకి అద్దె కట్టినట్టే.

బుష్‌నెల్ ఫాంటమ్‌లో అయస్కాంతం ఉంటుంది. బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఇనుప కమ్మీకి టక్కున అతుక్కుంటుంది. బగ్గీ ఎక్కకుండా ఆడనివాళ్లకి బాగుంది, నడిచేవాళ్లకి ఆ లాభం పెద్దగా లేదు. గోల్ఫ్‌బడ్డీ వాయిస్ రకం టోపీకి తగిలించుకుంటే, నొక్కగానే దూరం పైకి చెబుతుంది. కళ్లజోడు వెతుక్కునే వయసువాళ్లకి హాయి. పక్కవాడు పట్ చేస్తుండగా (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లిస్తుండగా) మాత్రం నొక్కకండి.

ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. హోల్19, 18బర్డీస్ లాంటి యాప్‌లు ముందు, మధ్య, వెనక దూరాలు ఉచితంగానే చెబుతాయి. ఈ ఆట మనకి పడుతుందో లేదో తెలియని మొదటి ఏడాదికి అంతకన్నా ఖర్చు అనవసరం. ఆ తర్వాత ఫోన్‌తో విసుగు మొదలవుతుంది. ఎండలో తెర కనపడదు, జేబులో వేడెక్కుతుంది, పన్నెండో హోల్‌కి బ్యాటరీ సగానికి పడిపోతుంది. దూరం చూద్దామని తీస్తే ఆఫీసు గ్రూపులో ఇరవై మెసేజ్‌లు కనపడతాయి. అవి చదివాక కొట్టే షాట్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

జీపీఎస్ కాకుండా లేజర్ రేంజ్‌ఫైండర్ అనే పరికరం కూడా ఉంది, అది జెండాకే సూటిగా గురిపెట్టి గజం తేడాతో చెబుతుంది. కచ్చితత్వంలో దాన్ని ఏ జీపీఎస్సూ దాటలేదు. అయితే జెండా కంటికి కనపడాలి. గుట్ట అవతల ఉన్నా, చెట్ల వెనక ఉన్నా లేజర్ చేతులెత్తేస్తుంది. చెయ్యి వణికిందంటే జెండా వెనకున్న చెట్టుకో రాతిగుట్టకో దూరం చెప్పేస్తుంది, మనం దాన్నే నమ్మి క్లబ్ తీస్తాం. పైగా గ్రీన్ ముందు బంకర్ ఉన్నప్పుడు మనలాంటి వాళ్లకి కావాల్సింది జెండా దూరం కాదు, బంకర్ దాటడానికి ఎంత కావాలన్నది. జీపీఎస్ ముందు అంచు అంకెలో ఆ జవాబు దాదాపుగా ఉంటుంది. హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయిని చెప్పే అంకె, తగ్గేకొద్దీ మెరుగు) పది కంటే తగ్గినప్పుడు లేజర్ కొనుక్కోండి. అప్పటికి మీకు నా సలహా అక్కర్లేదు.

మన దేశంలో ఆడేవాళ్లు ఇంకో సంగతి లెక్కలో వేసుకోవాలి, కాడీ, అంటే మన బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి. చాలా క్లబ్బుల్లో కాడీ ఉంటాడు, అడక్కుండానే 'వన్ ఫిఫ్టీ సార్' అంటాడు. ఏళ్ల తరబడి అదే కోర్సులో నడిచినవాడి అంచనా చాలాసార్లు పరికరానికి దగ్గరగానే ఉంటుంది. పైగా గ్రీన్ ఎటు వాలుతుందో, ఏ మూలన బంతి ఆగదో అతనికి తెలుసు, పరికరానికి తెలియదు. అందుకే ఇక్కడ 500 డాలర్ల మ్యాపు కొనడం నాకు మరీ దండగనిపిస్తుంది. మ్యాపు మన పక్కనే నడుస్తోంది. చిన్న పరికరం అంకె చెబుతుంది, ఆ అంకెతో ఏం చెయ్యాలో కాడీ చెబుతాడు. ఇద్దరి మాటా కలవనప్పుడు నేను అతని వైపే మొగ్గుతాను, ముఖ్యంగా ఎత్తుపల్లాలున్న హోల్స్‌లో.

అమెరికాలో పరిస్థితి తిరగబడుతుంది. కాడీ ఉండడు, బగ్గీ ఉంటుంది. కొన్ని కోర్సుల్లో బగ్గీలోనే తెర బిగించి దూరాలు చూపిస్తారు కాబట్టి సొంత పరికరం ఎందుకనిపిస్తుంది. వాన పడ్డ మర్నాడు వెళ్తే తెలుస్తుంది. బగ్గీలు దారి దిగకూడదని బోర్డు పెడతారు. తెర చెప్పేది బగ్గీ ఉన్న చోటినుంచి దూరం, మీ బంతి ఎక్కడో ఫెయిర్‌వే అవతలి అంచున. చేతిలో నాలుగు క్లబ్బులు పట్టుకుని నడిచి వెళ్లి అంచనా వేసుకోవాలి. నడుముకి చిన్న పరికరం ఉంటే ఈ బాధ ఉండదు. తెలియని కోర్సు, మలుపు అవతల ఏముందో కనపడని హోల్స్, చెప్పే మనిషి లేడు, ఇలా తరచూ ఆడేవాళ్లకి మాత్రం పెద్ద తెర నిజంగా పనికొస్తుంది. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్‌తో కొడితే బంతి మలుపు దాటి చెరువులో పడుతుందా అన్నది మూడు అంకెలు చెప్పలేవు. జీ80కో స్కైకాడీకో డబ్బు పెట్టమని నేను చెప్పేది వీళ్లకే.

నిబంధనల గురించి ఒక మాట. 2019 నుంచి దూరం కొలిచే పరికరాలు మామూలుగా వాడుకోవచ్చు, పోటీ కమిటీ ప్రత్యేకంగా వద్దంటే తప్ప. ఎత్తుపల్లాల్ని లెక్కగట్టి 'ఇది 152 కాదు, 160లా ఆడాలి' అని చెప్పే సౌకర్యం మాత్రం నిషిద్ధం. అది పరికరంలో ఉండటం తప్పు కాదు, రౌండ్‌లో వాడటం తప్పు. మొదటిసారి స్కోరుకి రెండు స్ట్రోకులు (దెబ్బలు) కలిపే శిక్ష, అదే మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపు లెక్కించే ఆటలో) అయితే ఆ హోల్ ఓడినట్టే. రెండోసారి అయితే ఆటనుంచే తీసేస్తారు. మీ గోల్ఫ్ క్లబ్‌లో పోటీ ఉన్న రోజున ఆ సెట్టింగ్ ఆపేయండి. అది అసలే లేని చిన్న పరికరంతో ఈ గొడవా ఉండదు.

కొనేముందు చూడాల్సింది 42 వేల కోర్సులా 38 వేలా అన్నది కాదు. మీరు ఆడే కోర్సు అందులో ఉందా, పద్దెనిమిది హోల్సూ ఉన్నాయా, గ్రీన్లు మార్చి కట్టాక మ్యాపు కూడా మార్చారా అన్నది చూడాలి. కంపెనీల వెబ్‌సైట్లలో కోర్సు పేరు వెతికి చూడొచ్చు. అమెరికానుంచి వచ్చే బావగారి చేత తెప్పించుకునేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. చెల్లకపోతే ఆదా చేసిన డబ్బు మొదటి రిపేర్‌కే పోతుంది.

చేతికి రాగానే కోర్సుకెళ్లి 150 గజాల గుర్తు పక్కన నిలబడండి. అది గ్రీన్ మధ్యకి కొలిచిన దూరమే అయ్యుంటుంది. మీ పరికరం 146 నుంచి 154 మధ్య ఏది చూపించినా సరే. మూడు నాలుగు హోల్స్‌లో ఇలాగే చూడండి. అన్నింటిలోనూ పది గజాలు అటూ ఇటూ వస్తుంటే తప్పు మ్యాపుదే కావచ్చు. కంప్యూటర్‌కో ఫోన్‌కో కలిపి అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే, వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.