మూడడుగుల అక్వేరియం: పాతది కొనాలా, చేయించుకోవాలా, ఫ్యాక్టరీది తెచ్చుకోవాలా?

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఇంట్లో మూడడుగుల అక్వేరియం పెట్టాలంటే దారులు మూడు. ఊళ్లో ఎవరో తీసేస్తున్న పాత ట్యాంకు కొనుక్కోవడం, అద్దాల షాపులో కొలతలిచ్చి చేయించుకోవడం, లేదంటే హైదరాబాద్ పోయి ముందు మూలలు గుండ్రంగా వంచిన ఫ్యాక్టరీ ట్యాంకు తెచ్చుకోవడం. అందరూ ధర దగ్గరే కొట్టుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: నీళ్లు ఎంత ఎత్తు నిలబడతాయి, దానికి అద్దం మందం సరిపోతుందా, అతుకు గట్టిగా ఉందా.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో అంచుదాకా పోస్తే 190 లీటర్లు పడతాయి, అద్దం, ఇసుక, రాళ్లు కలిపితే రెండు క్వింటాళ్ల పైమాటే. ఆ బరువు చూసి జనం కింది అద్దం గురించి భయపడతారు గానీ అసలు కష్టమంతా ముందు అద్దానిది, దాన్ని నీళ్లు దాదాపు 95 కిలోల బలంతో రాత్రీ పగలూ బయటికి తోస్తూనే ఉంటాయి. ఎత్తు రెండడుగులు చేశారనుకోండి, అది 170 కిలోలకు పోతుంది. ట్యాంకు వెడల్పు ఎంత పెంచినా మాత్రం ముందు అద్దం మీద తోపుడు మారదు. అందుకే "పెద్ద ట్యాంకు" అని భయపడేకంటే "ఎత్తు ట్యాంకు" అని భయపడడం మంచిది.

అక్వేరియం లెక్కల్లో మామూలుగా 3.8 రెట్ల భద్రత పెట్టుకుంటారు, అంటే నీళ్ల తోపుడుకు 3.8 రెట్లు వచ్చినా అద్దం తట్టుకోవాలని. ఆ లెక్కన పైన అడ్డపట్టీలు లేని అడుగున్నర ఎత్తు ట్యాంకుకు 8 ఎంఎం అద్దం కావాలి, రెండడుగుల ఎత్తుకు 12. అడుగు ఎత్తే ఐతే 5 ఎంఎం చాలు. షాపులో అడుగున్నర ఎత్తుకు కూడా "ఆరు ఎంఎం చాలన్నా, ఏం కాదు" అంటారు. నిజమే, పోసిన రోజే ఏం కాదు, కానీ భద్రత రెండున్నర రెట్ల లోపుకు పడిపోతుంది, ఆ తర్వాత పిల్లలు ఆడుకుంటూ ఏదైనా తగిలించినా, స్టాండు ఒక పక్కకు కుంగినా తట్టుకునే బలం ఉండదు.

ఇక పాత ట్యాంకు. మన బోరు నీళ్ల పుణ్యమా అని దీని చరిత్ర దాని ఒంటిమీదే రాసి ఉంటుంది. మూలల్లో బయటివైపు అతుకు వెంట తెల్లటి గార సన్నని గీతలా దిగి ఉంటే అక్కడ ఎప్పటినుంచో చెమ్మ ఊరుతోందని అర్థం, అమ్మేవాళ్లు "ఒక్క చుక్క కారలేదు" అని ఎంత ఒట్టేసినా సరే. లోపల నీటిమట్టం దగ్గర పట్టిన గారకు భయపడక్కర్లేదు, కాకపోతే దాని కింద పగులు దాక్కుని ఉండొచ్చు, నిమ్మకాయో వెనిగరో రుద్ది తీసేశాక మళ్లీ చూడండి. లోపలి మూలల్లో కనిపించే లావుపాటి సిలికాన్ కంటే రెండు అద్దాలు కలిసేచోట మధ్యలో ఉన్న పలుచటి పొర ముఖ్యం, బరువు మోసేది అదే. పక్కనుంచి టార్చి వేసి చూస్తే అది ఒకే రంగులో కనిపించాలి. చిన్న బుడగలు ఒకటో రెండో ఉంటే ఫర్వాలేదు గానీ, పాలలా తెల్లబడిన మచ్చ లోపలి నుంచి బయటి అంచుదాకా పాకిందంటే అతుకు విడిపోతున్నట్టే. అలాంటిదానికి పైన మళ్లీ కొంచెం సిలికాన్ పూసి "రిపేరైంది" అంటారు. పాత సిలికాన్‌కు కొత్తది సరిగ్గా అంటుకోదు, మొత్తం విప్పి బ్లేడుతో గీకి మళ్లీ అతికించాలి, అంత పని కంటే కొత్తదే నయం. గీతలు కూడా చూడండి, గోరు ఆగేంత లోతైన గీత ముందు అద్దం బయటివైపు నడిమధ్యన ఉంటే వద్దనండి, నీళ్లు తోసినప్పుడు అద్దం బాగా సాగే చోట్లలో అదొకటి.

చేయించుకోవడంలో మందం మన చేతిలో ఉంటుంది, అదే దాని లాభం. షోకేసులు, కిటికీలు చేసే మనిషి చేతికిస్తే మాత్రం టెన్షనే. బాత్రూమ్ సిలికాన్‌లో ఫంగస్ పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. పైగా అద్దాలను ఒకదానికొకటి గట్టిగా అదిమేస్తే సిలికానంతా బయటికొచ్చేసి మధ్యలో ఏమీ మిగలదు. ఇదివరకు చేసిన ట్యాంకు ఒకటి చూపించమనండి. అంచులు అరగదీయించుకోండి, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఒక వారం ఆగండి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం వేస్తామంటారు, అది కూడా మామూలు అద్దం లాగే ఉబ్బుతుంది, అంచుకు దెబ్బ తగిలితే మాత్రం ఒక్కసారిగా ముక్కలై నీళ్లన్నీ హాల్లోకి వస్తాయి. మందపాటి మామూలు అద్దమే నా ఓటు.

ఫ్యాక్టరీ ట్యాంకు చూడ్డానికి బాగుంటుంది, ముందు మూలల్లో అతుకే లేదు కాబట్టి అక్కడ కారే బాధ లేదు. వంచిన అద్దం పగిలితే ఇక్కడ వేసిచ్చేవాళ్లు దొరకరు, వంద కిలోమీటర్లు డీసీఎం వ్యానులో వేసుకొచ్చాక మూలలో చిన్న పెచ్చు లేచినా మొత్తం దండగే. పొడవు రెండడుగుల లోపు ఐతే తెచ్చుకోండి. మూడడుగులకు నేనైతే 8 ఎంఎంతో ఇక్కడే చేయిస్తా. పాతది అడుగు ఎత్తు లోపుదైతే కొంటా, అంతకు మించి ఎత్తుంటే అగ్గువకు వచ్చినా ముట్టుకోను.

ఏది కొన్నా తాండూరు బండల మీద నేరుగా పెట్టొద్దు, బండకూ బండకూ మట్టం ఒకలా ఉండదు. స్టాండు వేసి, రసమట్టం పెట్టి చూసి, కింది అద్దం నేరుగా ఆనే ట్యాంకైతే కింద థర్మకోల్ షీటు వేయండి, చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉన్నదానికి వద్దు. తర్వాత నీడలో, పొద్దున్నే, మూడు విడతలుగా నింపి రెండు రోజులు వదిలేయండి. మే నెల ఎండలో కాలిన అద్దంలో బోరు నీళ్లు పోస్తే మంచి అద్దం కూడా చిట్లొచ్చు. చుట్టూ పాత పేపర్ పరిస్తే ఒక్క చుక్క పడినా తెలిసిపోతుంది. ముందు అద్దానికి అడ్డంగా దారం లాగి పట్టి మధ్యలో ఉబ్బు చూసుకోండి, మర్నాటికి అది పెరిగితే నీళ్లు తోడేయండి. పాతది అమ్మేవాళ్లు ఇలా నింపి చూసుకోవడానికి ఒప్పుకోకపోతే ఇక బేరం ఆడే పనే లేదు.