విశాఖలో అల్పాకా నూలు: ఏడాదిన్నర వాడకం తర్వాత

అమెరికాలోని ఒరెగాన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వాళ్ల ఊరికి గంట ప్రయాణం దూరంలో, అల్పాకాలనే ఉన్ని జంతువులను పెంచే ఒక చిన్న ఫారంలో మూడు రకాల సరుకు కొన్నాను. ఏమీ కలపని అల్పాకా నూలు 8 చిలపలు (నూలు కట్టలు), ఐదో వంతు మెరినో గొర్రె ఉన్ని కలిపిన నూలు 4 చిలపలు, చేత్తో వడుక్కోవడానికి మిల్లులో ఏకి ఇచ్చిన ఉన్ని అర కిలో. చిలప బరువు 100 గ్రాములు, ధర 28 డాలర్లు, అంటే అప్పటి మన లెక్కలో సుమారు 2,400 రూపాయలు. విశాఖపట్నంలో ఏడాదిన్నర పాటు అల్లి, వడికి, ఉతికి, కప్పుకున్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. శాలువాలకూ, మెడకు చుట్టుకునే పట్టీలకూ ఇంతకంటే మంచి నూలు నా చేతికి ఇంతవరకు రాలేదు. స్వెటర్ అల్లదలచినవారు మాత్రం ఏమీ కలపని రకం కొనవద్దు. ఆ సంగతి నాకు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ ఫారంలో పదిహేడు అల్పాకాలున్నాయి. యజమానులు అరవై దాటిన దంపతులు, పనంతా వాళ్లిద్దరిదే. అల్పాకా ఒంటె కుటుంబానికి చెందిన జంతువు. పెరూ, బొలీవియా దేశాల్లోని ఆండీస్ పర్వతాల మీద వేల ఏళ్లుగా ఉన్ని కోసం పెంచుతున్నారు. ఇప్పటికీ ప్రపంచంలోని అల్పాకాల్లో ఎక్కువ భాగం పెరూలోనే ఉన్నాయి. వీటిలో హువకాయ అనే రకానికి ఉన్ని ఉబ్బుగా, పొంగినట్లు ఉంటుంది. సూరి అనే రకానికి జడలు జడలుగా వేలాడుతుంది. నేను చూసినవన్నీ హువకాయలే. దూరం నుంచి పెద్దవిగా కనిపించినా దగ్గరికి వెళితే వీపు నా నడుముకు కాస్త పైకి వచ్చింది, అంతే. తమలో తాము సన్నగా మూలుగుతున్నట్లు ఒక శబ్దం చేస్తూ ఉంటాయి. పిల్ల తల్లికి కాస్త దూరమైతే ఆ మూలుగు సాగుతుంది. కాళ్లకు గిట్టల్లాంటివి ఉండవు, రెండేసి వేళ్లూ వాటి కింద మెత్తని పాదమూ ఉంటాయి కాబట్టి పచ్చిక తొక్కుడుపడి పాడవదు. మందంతా పేడ ఒకే చోట వేస్తుంది. ఆ దంపతులు ప్రతి ఉదయమూ దాన్ని పారతో ఎత్తి తోటలకు ఎరువుగా అమ్ముతారు. ఒక్క అల్పాకాను ఒంటరిగా పెంచడం తగదనీ, తోడు లేకపోతే అది దిగులుతో మేత మానేస్తుందనీ ఆ ఇంటావిడ నాకు చెప్పారు.

నేను వెళ్లింది మే నెలలో, ఉన్ని కోత జరిగే రోజున. ఏడాదికి ఒక్కసారే కోత, వేసవి ముదరకముందే అది పూర్తి కావాలి. ముందు కాళ్లను ఒక తాడుతో, వెనక కాళ్లను మరొక తాడుతో మెల్లగా సాగదీసి జంతువును చాప మీద పడుకోబెట్టారు. చూడడానికి కఠినంగానే అనిపిస్తుంది, నాకు మొదట మనసు ఒప్పలేదు. కదలకుండా ఉంటేనే కత్తెర చర్మానికి తగలదని, కోసేవాడి చేతి వేగం చూశాక అర్థమైంది. ఒక్కొక్క జంతువుకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాల్లోనే మరొకరు గోళ్లు కత్తిరించారు, పెరిగిన పళ్లు అరగదీశారు. లేచి నిలబడిన అల్పాకా ఒళ్లంతా బక్కచిక్కి, తలా మెడా మాత్రమే మిగిలినట్లు కనిపించింది. తక్కినవి దగ్గరికి వచ్చి వాసన చూసి గుర్తుపట్టాయి.

నూలు మంచిచెడ్డలు తేలేది కోత దగ్గర కాదు, ఆ తర్వాత ఏరే బల్ల దగ్గర. వీపు మీదా పక్కల మీదా ఉండే ఉన్ని అన్నిటికంటే సన్నగా, ఒకే తీరుగా ఉంటుంది, మెడది పొట్టిది, కాళ్లదీ పొట్టదీ ముతక. ఈ మూడింటినీ కోసేటప్పుడే వేర్వేరు సంచుల్లో వేస్తారు. తర్వాత వీపు ఉన్నిని వలలాంటి బల్ల మీద పరచి, గడ్డిపరకలనూ, ఉన్ని మధ్యలో నిటారుగా నిలిచే బిరుసు వెంట్రుకలనూ చేతులతో ఏరిపారేస్తారు. నేనూ ఆ మధ్యాహ్నం రెండు గంటలు ఆ బల్ల దగ్గర నిలబడ్డాను. మా అమ్మది పొందూరు దగ్గరి పల్లె. అక్కడ ఖాదీ నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఓపికగా దువ్వుతారు, ఆ దువ్వెన పళ్ల సన్నదనమే ఆ నూలు సన్నదనానికి మొదలు. ఒరెగాన్‌లో ఆ బల్ల దగ్గర నాకు పదేపదే ఆ దవడే గుర్తుకొచ్చింది. ఎక్కడైనా వడికే చేతి నేర్పు కంటే ముందు ఏరే చేతి ఓపిక ఉండాలి. ఒక జంతువు ఇచ్చే రెండు మూడు కిలోల ఉన్నిలో, ఏరి, ఉతికి, మిల్లుకు పంపి, ఏకి, వడికిన తర్వాత చిలపలుగా తిరిగి వచ్చేది అందులో కొంత భాగమే. మిల్లు కూలి, మేత, పశువైద్యం, కోత ఖర్చు, ఇవన్నీ లెక్కవేసుకుంటే చిలపకు 28 డాలర్లు ఎక్కువని నేను అనలేను.

ప్రతి చిలపకూ ఒక చిన్న అట్ట కట్టి ఉంది. దాని మీద జంతువు పేరు, కోత సంవత్సరం, చిలప పొడవు, బరువు రాశారు. నా గోధుమరంగు నూలు హేజెల్ అనే ఆడ అల్పాకాది. దాని మెడ నేను నిమిరాను. కొన్న వస్తువు ఎక్కడిదో ఇంత స్పష్టంగా తెలియడం నాకు ఎంతో తృప్తినిచ్చింది. అయితే కొనేవాళ్లకు అన్నిటికంటే అవసరమైన సంగతి, ఉన్ని ఎంత సన్నదో, ఆ అట్ట మీద లేదు. అడిగితే ఆవిడ లోపలి నుంచి ప్రయోగశాల పరీక్ష కాగితం తెచ్చి చూపించారు: సగటున 21 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30 మైక్రాన్లు దాటిన రోమాలు ఒంటికి గుచ్చుకుంటాయి. మన గొంగళి గరుకుగా తగలడానికి కారణం అందులో అలాంటి రోమాలు ఎక్కువగా ఉండడమే. 21 మైక్రాన్ల నూలు పసిపిల్ల మెడకు చుట్టినా గుచ్చదు. ఇంత మంచి అంకె చేతిలో పెట్టుకుని దాన్ని అట్ట మీద వేయకపోవడం నాకు బాధ కలిగించింది. ఇదే సందర్భంలో మరొక మాట కూడా చెప్పాలి. దుకాణాల్లో బేబీ అల్పాకా అని అమ్మేది పిల్లల నుంచి కోసిన ఉన్ని అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది సన్నదనానికి పెట్టిన పేరు మాత్రమే, వయసుకు సంబంధం లేదు. సన్నని ఉన్ని ఇచ్చే పెద్ద జంతువుదైనా ఆ పేరుతోనే అమ్ముడుపోతుంది.

అర కిలో ఏకిన ఉన్నిని ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి తెచ్చి, మొదట అమ్మ రాట్నం మీదే వడకబోయాను. అది సరిపడలేదు. పత్తి పోగు పొట్టిది కాబట్టి త్వరగా, గట్టిగా పురి ఎక్కాలి, రాట్నం కదురు అందుకు తగినట్లే గిరగిరా తిరుగుతుంది. అల్పాకా పోగు వేలంత పొడవు, పైగా నున్నన. రాట్నం మీద అది పురి ఎక్కువై తాడులా బిరుసెక్కింది. పొందూరులో వడికే అనుభవమున్న మా పెద్దమ్మ కూతురు చూసి, "ఇది పత్తిలాగ లాగితే రాదే చెల్లీ, దానంతటది జారాల" అన్నది. ఆ మాటే దారి చూపింది. బడిలో నేర్చుకున్న తకిలి కంటే కాస్త బరువైన కదురును, టేకు బిళ్లతో, వడ్రంగి చేత చేయించుకున్నాను. ఆండీస్‌లో ఆడవాళ్లు మందల వెంట నడుస్తూ ఇలాంటి చేతికదురుతోనే వడుకుతారు, దాన్ని పుష్కా అంటారు. నెమ్మదిగా తిరిగే కదురు మీద నూలు మెత్తగా, సమంగా వచ్చింది. రెండు పోగులు కలిపి ఎదురు పురి పెట్టి, నీళ్లలో నానబెట్టి ఆరేస్తే నిలకడగా కుదిరింది. ఇందులో నేను ఊహించని మేలు మన సముద్రపు గాలి చేసింది. పొడి గాలిలో అల్పాకా రోమాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చేతికి అంటుకుని లేస్తాయి. అమ్మాయి ఇంట్లో ఆ చికాకు నేను అనుభవించాను. విశాఖలో గాలిలో తేమ వల్ల అవి అణిగి ఉంటాయి. తెల్లవారుజామున బాల్కనీలో కూర్చుని వడికిన నూలే అన్నిటికంటే బాగా వచ్చింది.

ఏమీ కలపని ఎనిమిది చిలపల్లో ఏడింటితో మావారికి ముందు గుండీలు వచ్చే స్వెటర్ అల్లాను. అల్లినప్పుడు కొలత సరిగ్గా ఉంది. రెండు నెలల్లో దాని పొడవు రెండు అంగుళాలు పెరిగింది, చేతులు మణికట్టు దాటి వేళ్ల మీదికి జారాయి. తప్పు నా అల్లికదేమోనని చాలా రోజులు మథనపడ్డాను. గొర్రె రోమంలో స్ప్రింగులా వంకులుంటాయి, లాగితే తిరిగి ముడుచుకుంటుంది. అల్పాకా రోమంలో ఆ వంకులు తక్కువ, కాబట్టి తన బరువుకు తానే సాగి, మళ్లీ వెనక్కి రాదు. అందుకే చాలామంది దానిలో గొర్రె ఉన్ని కలుపుతారు. మెరినో కలిపిన నూలుతో అల్లిన చేతుల్లేని స్వెటర్ ఈనాటికీ కొలత తప్పలేదు. మొదటి స్వెటర్‌ను విప్పేసి, అదే నూలుతో అత్తగారికి శాలువా అల్లాను. స్వెటర్‌లో లోపమైన ఆ జారుడుతనమే శాలువాలో అందమైంది. భుజాల మీద నీళ్లలా పారుతుంది. ఫారంలో నూలు అమ్మేటప్పుడు ఏమి అల్లబోతున్నారని ఒక్క ప్రశ్న వేసి ఉంటే నాకు మూడు నెలల శ్రమ మిగిలేది.

చిన్న లోపాలు మరి రెండున్నాయి. రెండు చిలపల్లో గడ్డిపరకల ముక్కలు మిగిలాయి, అల్లుతూ ఏరుకోవలసి వచ్చింది. కొత్త శాలువా మొదటి నెల రోజులు నల్లచీర మీద రోమాలు రాల్చింది. రెండు ఉతుకుల తర్వాత ఆగింది.

ఉతకడానికి కుంకుడురసం బాగా పనిచేసింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా, పిండకుండా, తువ్వాలులో చుట్టి ఒత్తాలి. రుద్దితే ముద్దకట్టి ఇక విడదు. తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది కాబట్టి నులకమంచం మీద పరచి ఆరబెట్టాను. వానాకాలంలో ఫ్యాను కింద పెట్టినా రెండు రోజులు పట్టింది, పూర్తిగా ఆరకముందే మడిస్తే ముక్కిన వాసన వస్తుంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసి గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, నెలకోసారి గాలికి తీస్తున్నాను.

విశాఖలో దీని అవసరమేమిటని అడిగేవారుంటారు. సూటిగా చెబితే, ఊళ్లో జనవరి తెల్లవారుజామున తప్ప పనిలేదు. అల్పాకా రోమాల్లో గాలి నిలిచే ఖాళీలుండడం వల్ల పలుచని శాలువా కూడా చాలా వెచ్చన. డిసెంబరులో లంబసింగి వెళ్లినప్పుడు అత్తగారు ఆ ఒక్క శాలువాతోనే తెల్లవారుజామున మంచులో నిలబడ్డారు. ఇంట్లో ఏసీ గదిలో మోకాళ్ల మీద అదే కప్పుకుంటారు. తక్కువ బరువు ఆమెకు అన్నిటికంటే నచ్చింది.

ఈ జంతువులను మన ఏజెన్సీ కొండల మీద పెంచకూడదా అని బంధువుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. పెంపకందారులు ఒక లెక్క చెబుతారు: ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతాన్ని కలిపితే 150 దాటినప్పుడు జాగ్రత్తపడాలి, 180 దాటితే ప్రాణాపాయం. మే నెలలో విశాఖలో 34 డిగ్రీల సెల్సియస్ అంటే 93 ఫారన్‌హీట్. తేమ 70 శాతమైనా 163 అవుతుంది. ఒరెగాన్‌లోనే ఎండ ముదిరిన రోజుల్లో ఆ దంపతులు వాటి పొట్టకూ కాళ్లకూ నీళ్లు కొడుతూ పగలంతా కాపలా కాస్తారట. వీపు తడిపితే ఉన్ని వేడిని లోపలే పట్టేస్తుందని అక్కడ తడపరు. చల్లని కొండల్లో పుట్టిన జంతువును మన ఉక్కపోతలో ఉంచడం నాకైతే న్యాయంగా తోచదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మెరినో కలిపిన నూలు ఆరు చిలపలు, బూడిదరంగులో, తెమ్మని అమ్మాయికి చెప్పాను. ఏమీ కలపనిది రెండు చిలపలు చాలు, అవి అత్తగారి మెడపట్టీకి. కొనేటప్పుడు పరీక్ష కాగితం కూడా అడిగి ఫొటో తీసి పంపమన్నాను.