గ్రీన్ కార్డుతో ఉండిపోవాలా, అమెరికా పౌరసత్వం తీసుకోవాలా?
ఇండియాలో పొలం కొనలేమని అమెరికా పౌరసత్వానికి వెనకాడేవాళ్లు ఎక్కువ. నిజానికి విదేశంలో ఉన్నంతకాలం ఎన్నారైకీ (భారత పౌరసత్వంతోనే బయట ఉండేవాళ్లు), ఓసీఐకీ (విదేశీ పౌరసత్వం తీసుకుని భారత ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు) సాగుభూమి కొనే వీల్లేదు; వారసత్వంగా వస్తే ఇద్దరికీ సరే. తేడా తిరిగొచ్చి స్థిరపడేవాళ్లకే.

గ్రీన్ కార్డుతో భారత పాస్‌పోర్టు, ఓటు మిగులుతాయి. రీఎంట్రీ పర్మిట్ (తిరిగి అమెరికాకు రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా ఏడాది దాటి ఇండియాలో ఉంటే కార్డుకే ఎసరు.

పౌరసత్వ దరఖాస్తు ఎన్-400కి మామూలుగా 5 ఏళ్ల నివాసం, అందులో 30 నెలలు అమెరికాలోనే ఉండాలి. ఒక్క ప్రయాణం 6 నెలలు దాటినా నివాసం లెక్క తెగినట్టే చూస్తారు. కాదని మనమే రుజువు చేయాలి. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది, కాబట్టి పాత పాస్‌పోర్టుతో టికెట్టు కొట్టొద్దు. ముందు అమెరికా పాస్‌పోర్టు, తర్వాత సరెండర్ సర్టిఫికెట్ (భారత పాస్‌పోర్టు అప్పగించినట్టు పత్రం), ఆపైన ఓసీఐ. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు ‘వి.’ అని పొడి అక్షరంగానే, కొత్తదాంట్లో పూర్తి ఇంటిపేరు ఉంటే ఫైలు అక్కడే ఆగొచ్చు.