మెక్‌మాస్టర్ స్లైడు: గొర్రెల నట్టల గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

రెండు గదులున్న చిన్న పలక. పై పలక అడుగున గీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతల చట్రం కింద ఒక్కో గదిలో పట్టేది 0.15 మి.లీ. గొర్రెల పెంటికల్లో నట్టల (కడుపులో పెరిగే పురుగుల) గుడ్లు లెక్కపెట్టడానికే 1939లో ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి ఇది. నట్టల మందు తాగించినా దవడ కింద నీరు దిగుతూనే ఉంటే తప్పు మందుదా, మోతాదుదా, అసలు జబ్బే వేరా? దీనికి దారి చూపే చవకైన సాధనం ఇదే. కాకపోతే పలక మంచిదైనా, వాడే చెయ్యి సరిగా లేకపోతే లెక్క తప్పుతుంది.

కొలత 2 గ్రాముల పెంటికలకు 28 మి.లీ. ఉప్పునీళ్లు. లీటరు వేడినీళ్లలో 400 గ్రాముల ఉప్పు కలిపి చల్లారిస్తే అడుగున కాస్త ఉప్పు మిగలాలి. మిగల్లేదంటే ఇంకా వేయాలి, సాంద్రత 1.2 దగ్గర లేకపోతే గుడ్లు తేలవు. వంటింటి కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తే లెక్క సగానికి సగం మారిపోతుంది. బంగారం తూచేలాంటి చిన్న కాటా లేకపోతే కొలత గొట్టంలో 28 గీత దాకా ఉప్పునీళ్లు పోసి, మట్టం 30కి వచ్చేదాకా పెంటికలు వేయండి, చాలు.

బాగా మెదిపి, టీ జల్లెడలో వడగట్టి, కలుపుతూనే పిప్పెట్‌తో తీసి గదులు నింపాలి. కలపడం ఆపితే గుడ్లు పైకి లేచిపోతాయి. 5 నిమిషాలు ఆగి, మైక్రోస్కోపు 10ఎక్స్ లెన్సుతో గీతల మీదే ఫోకస్ పెట్టాలి. గుడ్లు తేలి పై పలకను అంటుకుంటాయి కనుక గీతలు తేటగా కనిపించే చోటే అవీ కనిపిస్తాయి. కింద ఎక్కడో వెతికి ‘ఏమీ లేవు’ అనేయడం కొత్తవాళ్ల పొరపాటు. కోలగా, పలచని పెంకుతో, లోపల ద్రాక్షగుత్తిలా ఉన్నవి గుండ్రటి నట్టల గుడ్లు. నల్లటి అంచుతో మెరిసే నిండు గుండ్రాలు గాలి బుడగలు. రెండు గదుల గుడ్లు కలిపి 50తో హెచ్చవేస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. ఆలస్యం చేస్తే ఉప్పు పేరుకుంటుంది, గుడ్లు ముడుచుకుపోతాయి.

అసలు చిక్కంతా పెంటికలు తీయడంలోనే. నేలమీద ఏరితే మట్టిలోని పురుగులు కలుస్తాయి. చేతికి గ్లవ్ వేసుకుని గొర్రె నుంచే తీయాలి, సంచిలో గాలి నొక్కేసి చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. మన వానాకాలపు ఉక్కలో రాత్రంతా బయట వదిలేస్తే గుడ్లు పొదిగిపోయి తెల్లారేసరికి లెక్క పడిపోతుంది. పది గొర్రెలవి కలిపి ఒకే పరీక్ష చేయడం సులువే గానీ, నట్టల్లో ఎక్కువ భాగం మందలో కొద్ది గొర్రెల్లోనే ఉంటాయి. కలిపితే అవే మరుగున పడతాయి.

గాజు స్లైడు పగులుతుంది, అక్రిలిక్‌ది గీసుకుపోతుంది. అక్రిలిక్‌దే కొనమంటాం, కానీ స్పిరిట్‌తో తుడవద్దు, సన్నటి పగుళ్లు వస్తాయి. పని కాగానే మంచినీళ్లతో కడిగితే సరి.

దీనికి పోటీగా చెప్పేది ఫమాచా కార్డు. దక్షిణాఫ్రికాలో తయారైంది, అక్కడి పశువైద్యుడు ఫాఫా మలాన్ పేరు మీదే ఆ పేరు. కింది రెప్ప లోపలి పొర రంగును 1 (ఎరుపు) నుంచి 5 (తెల్లగా పాలిపోయినది) దాకా ఉన్న రంగులతో పగటి వెలుతురులో పోల్చాలి. 4, 5 వస్తే మందు, పిల్లలకూ చూడి గొర్రెలకూ 3కే మందు. రక్తం పీల్చే హెమాంకస్ నట్ట దెబ్బను స్లైడు కన్నా త్వరగా పట్టేది ఇదే, ఎందుకంటే ఆ నట్టలు గుడ్లు పెట్టడానికి మూడు వారాలు పట్టినా రక్తం పీల్చడం ముందే మొదలవుతుంది. అయితే పిడుదులు, జలగలు (నీళ్లలో కరిచేవి కావు, కాలేయంలో, పొట్టలో చేరే పురుగులు), మేత కరువు వల్ల పాలిపోయినా కార్డుకు ఒకటే. కండ్లకలక వస్తే పాలిపోయిన కన్ను కూడా ఎర్రగా కనిపించి మోసం చేస్తుంది. జిరాక్సు తీసిన కార్డు దండగ. అసలు కార్డు కూడా ఎండకు వెలిసిపోతుంది, ఏడాదికి మార్చాలి.

మందు పనిచేస్తోందా అన్న ప్రశ్నకు మాత్రం కార్డు జవాబివ్వదు, స్లైడే ఇస్తుంది. మందు తాగించే రోజు 10 నుంచి 15 గొర్రెలను పరీక్షించి, అవే గొర్రెలను మళ్లీ 10 నుంచి 14 రోజులకు చూడాలి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే నట్టలు ఆ మందుకు మొండికేశాయని అనుమానించాలి. అంతకుముందు మోతాదు సరిచూడండి. గొర్రె బరువును కంటితో అంచనా వేసి తక్కువ తాగించడం మనదగ్గర మామూలే. మొదటి లెక్కలోనే గుడ్లు కొద్దిగా ఉంటే ఈ పోలిక పనికిరాదు, ఒక్క గుడ్డు తేడా అంటే 50 తేడా.

చెరువు గట్లమీద, వరి మళ్లలో మేసే మందలకు ఇంకో హెచ్చరిక. జలగల గుడ్లు బరువైనవి, ఉప్పునీళ్లలో తేలవు. స్లైడులో సున్నా చూసి జలగలు లేవనుకోవద్దు. వాటికి పెంటికలు నీళ్లలో కలిపి, వడగట్టి, పొడవాటి గ్లాసులో అడుగుకు దిగనిచ్చి, పైనీళ్లు మూడు నాలుగుసార్లు పారబోసి అడుగు మడ్డి చూడాలి. పసుపు గోధుమ రంగువి కాలేయపు జలగ గుడ్లు, రంగులేనివి పొట్ట జలగలవి. పొట్ట జలగల పిల్లలు పేగుల్లో ఉండగానే కంపు పారుడుతో గొర్రెలు చస్తాయి, అప్పటికి ఒక్క గుడ్డూ దొరకదు. ఆ పారుడునే నీళ్లతో జల్లెడ పట్టండి, గులాబీ రంగు చిన్న పురుగులు కంటికే కనిపించొచ్చు.